అన్నం, పప్పు, చారు, వేపుడు: ఒక పూట తెలుగు భోజనం సొంతంగా వండుకోవడం ఎలా

ఉద్యోగానికో చదువుకో ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళు చాలామంది వంట మొదలుపెట్టేది బిర్యానీతోనో పనీర్ కూరతోనో. వీడియో చూసి, ఇరవై రకాల సరుకులు తెచ్చి, ఆదివారమంతా వంటింట్లోనే గడుపుతారు. బాగానే కుదురుతుంది కూడా. సోమవారం రాత్రి మాత్రం మళ్ళీ ఫోన్ తీసి ఆర్డర్ పెట్టుకుంటారు. రోజూ తినే తిండి చేతికి రాలేదు మరి.

బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పరిస్థితీ ఇదే. రోజుకో కొత్త ఐటమ్ చేస్తూ పోయినన్నాళ్ళూ ఏదీ నిలవలేదు. తర్వాత నెల రోజులు పట్టుబట్టి ఒకే భోజనం వండాను: అన్నం, టమాటా పప్పు, చారు, ఏదో ఒక వేపుడు. మూడో వారానికి కొలత గ్లాసు తీయడం మానేశాను. అందుకే మీకూ అదే చెప్తున్నాను. ఒక పూట భోజనం మొత్తాన్ని ఒకే పాఠంగా తీసుకోండి. అది వస్తే పాలకూర పప్పు, మామిడికాయ పప్పు, మిరియాల చారు, బెండకాయ వేపుడు, ఇవన్నీ కొత్తగా నేర్చుకోవాల్సిన పని ఉండదు. కింద చెప్పిన కొలతలు ఇద్దరికి సరిపోతాయి.

సరుకులు

మొదటిసారికి పెద్ద లిస్టు వద్దు. బియ్యం, కందిపప్పు, చింతపండు, పసుపు, కారం, ఉప్పు, నూనె. పోపుల పెట్టెలోకి ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, మిరియాలు, ఇంగువ. కూరల కొట్లో టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు, కొత్తిమీర, పావుకిలో దొండకాయలు. పొడులన్నీ చిన్న ప్యాకెట్లే తీసుకోండి. ఏడాది పాతబడ్డ కారంలో రంగూ వాసనా తగ్గిపోతాయి.

బియ్యం కొనేటప్పుడు కొత్తవా పాతవా అని అడగండి. సంక్రాంతి ముందు కోతల తర్వాత వచ్చే కొత్త బియ్యం నీళ్ళు తక్కువ పీలుస్తాయి, అన్నం ముద్దవుతుంది. ఏడాది నిలవున్నవి పొడిపొడిగా వస్తాయి. బీపీటీ అని సంచి మీద రాసి ఉండేది బాపట్లలో తయారైన సాంబ మసూరి, 1986లో విడుదలైన బీపీటీ 5204 రకం. రోజువారీ అన్నానికి నేను ఇప్పటికీ అదే వాడతాను. కందిపప్పు అయితే, వికారాబాద్ జిల్లా తాండూరు పప్పు దొరికితే వదలకండి. దానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. త్వరగా ఉడుకుతుంది, రుచి కమ్మగా ఉంటుంది.

సామాను విషయానికొస్తే ఐదు లీటర్ల కుక్కర్, అందులో పట్టే రెండు గిన్నెలు, ఒక ఇనప బాణలి, తాలింపుకు చిన్న గరిట, పప్పుగుత్తి. ఇవి చాలు.

ముందు పని వరస

కొత్తవాళ్ళు ఎక్కడ తడబడతారో నేను చాలాసార్లు చూశాను. ఒక్కో ఐటమ్ విడిగా చేయడం వస్తుంది. నాలుగూ ఒకే వేళకి వేడిగా పళ్ళెంలోకి రావడం మాత్రం రాదు. పప్పు అయ్యేసరికి అన్నం చల్లారిపోతుంది, వేపుడు సగంలో ఉంటుంది. వరస తెలిస్తే ఈ టెన్షన్ ఉండదు.

ఏడింటికి మొదలుపెట్టారనుకోండి. ముందుగా కందిపప్పు కడిగి నానబెట్టండి. బియ్యం కడిగి పక్కన పెట్టండి. చింతపండు మీద వేడినీళ్ళు పోసి ఉంచండి. ఈ మూడూ నానుతున్న ఇరవై నిమిషాల్లో దొండకాయలు, టమాటాలు, ఉల్లిపాయ తరుక్కోండి. ఏడూ ఇరవైకి ఒక పొయ్యి మీద వేపుడు, రెండో దాని మీద పప్పు కుక్కర్. పప్పు దిగాక ఆ పొయ్యి మీద చారు. వేపుడు దిగాక ఈ పొయ్యి మీద అన్నం. అన్నం ఉడుకుతుండగా పప్పు ఎనిపి, చివర్లో పప్పుకీ చారుకీ ఒకదాని వెంట ఒకటి తాలింపు. అలవాటయ్యాక ఎనిమిదీ పదికల్లా కూర్చుని తినొచ్చు. మొదటిసారి రెండు గంటలు పడుతుంది, పట్టనివ్వండి. బాగా ఆకలి వేసినప్పుడు మాత్రం మొదలుపెట్టకండి.

వేపుడు

దొండకాయలు కడిగి గుడ్డతో తుడిచి, పొడవుగా నాలుగు చీలికలు చేయండి. బాణలిలో మూడు చెంచాల నూనె వేడి చేసి ముక్కలు వేసి, చిటికెడు పసుపు, కాస్త ఉప్పు చల్లి మూత పెట్టండి. మధ్యస్థం మంట. ఎనిమిది నిమిషాలకి ముక్క గోరుతో నొక్కితే దిగుతుంది. అప్పుడు మూత తీసేయండి, మళ్ళీ పెట్టొద్దు. ఇక్కడి నుంచి ఇంకో పదిహేను నిమిషాలు, రెండు నిమిషాలకోసారి అట్లకాడతో అడుగు నుంచి తిప్పండి. ఊరికే కలుపుతూ ఉంటే ముక్క చితుకుతుందే కానీ వేగదు. అంచులు ముడుచుకుని గోధుమరంగుకి వస్తాయి.

ఈలోపు ఐదు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్ర, చెంచా కారం, కాస్త ఉప్పు కలిపి కచ్చాపచ్చాగా దంచండి. ఈ వెల్లుల్లి కారం చివర్లోనే వేయాలి. ముందే వేస్తే నూనెలో మాడి ఘాటు పట్టి దగ్గొస్తుంది. వేశాక ఒక నిమిషం తిప్పి కట్టేయండి. తెలంగాణలో చాలా ఇళ్ళలో ఇక్కడే నువ్వుల పొడో పల్లీల పొడో కలుపుతారు. అదీ చాలా బాగుంటుంది.

బెండకాయ అయితే కొంచెం తేడా. తడి లేకుండా ఆరాకే తరగాలి, అసలు మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో. తడి తగిలితే జిగురు సాగుతుంది.

పప్పు

అర గ్లాసు కందిపప్పుకి ఒకటిన్నర గ్లాసు నీళ్ళు, పావు చెంచా పసుపు, రెండు చుక్కల నూనె. నూనె వేస్తే నురగ పొంగి విజిల్‌కి అడ్డం పడదు. దాని మీద ఇంకో గిన్నెలో రెండు టమాటాలు, నాలుగు పచ్చిమిర్చి, ఒక ఉల్లిపాయ ముక్కలు. కుక్కర్ అడుగున గ్లాసు నీళ్ళు మర్చిపోవద్దు. ఐదు విజిల్స్ వచ్చాక కట్టేసి ఆవిరి దానంతటదే పోనివ్వండి.

టమాటాలు వేరే గిన్నెలో ఎందుకంటే, పులుపు తగిలితే పప్పు తొందరగా మెత్తబడదు. చింతపండు సంగతీ అంతే. లవణాలు ఎక్కువున్న బోరు నీళ్ళతో కూడా పప్పు సరిగ్గా ఉడకదు. ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటోందంటే పప్పుని తిట్టుకోకుండా ఒకసారి ఫిల్టర్ నీళ్ళు పోసి చూడండి.

కుక్కర్ తీశాక పప్పు మీద తేరిన నీళ్ళు, మనం కట్టు అంటామే, అది ఒక గరిటెడు చారు కోసం పక్కకి తీయండి. తర్వాత పప్పుగుత్తితో ఎనపండి. మిక్సీ మాత్రం వద్దు. మిక్సీలో వేస్తే పేస్ట్ అవుతుంది, అన్నంలో కలిపినప్పుడు ఆ పలుకు దొరకదు. ఎనిపాక టమాటాలు కలిపి, ఉసిరికాయంత చింతపండు రసం, అర చెంచా కారం, చెంచాకి కాస్త తక్కువ ఉప్పు వేసి సన్న మంట మీద ఐదు నిమిషాలు ఉడకనివ్వండి. చల్లారితే పప్పు గట్టిపడుతుంది కాబట్టి పొయ్యి మీద ఉన్నప్పుడు మీకు కావాల్సినదానికంటే కొంచెం పలచగానే ఉంచండి. నీళ్ళు కలపాల్సి వస్తే వేడినీళ్ళే కలపండి.

చారు

పప్పుకి తీసిన చింతపండు కాకుండా, చిన్న నిమ్మకాయలో సగమంత చింతపండు నానబెట్టి పిసికి రసం తీయండి. మొత్తం మూడు గ్లాసుల నీళ్ళు. ఒక పండిన టమాటా చేత్తో చిదిమి వేయండి. పసుపు, ఉప్పు, కరివేపాకు, కొత్తిమీర కాడలు. ఎనిమిది, పది నిమిషాలు బాగా మరగనిచ్చి, పక్కన పెట్టిన కట్టు పోయండి. ఇప్పుడు చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు అప్పటికప్పుడు దంచి వేయండి. ఇక అక్కడే నిలబడండి. అంచుల నుంచి నురగ లేచి పొంగు రాబోతుండగా కట్టేయాలి. మిరియాల వాసనంతా ఆ పొంగులో ఉంటుంది. ఇంకో పది నిమిషాలు మరిగిస్తే వాసన వంటింట్లోనే పోతుంది, గిన్నెలో మిగలదు. పులుపు ఎక్కువైతే చిన్న బెల్లం ముక్క వేయండి.

ఇదంతా చేసే ఓపిక లేని ఎండాకాలం రోజుల్లో తెలంగాణ పచ్చి పులుసు ఉంది. చింతపండు రసంలో కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ చేత్తో పిసికి, ఉప్పు వేసి, చన్నీళ్ళు కలిపి తాలింపు పెడితే అయిపోయింది. పులుసుని పొయ్యెక్కించే పనే లేదు.

అన్నం

గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు, పాత బియ్యమైతే రెండున్నర. కొత్త సంచి విప్పినప్పుడల్లా మొదటి రోజు ఎన్ని పోశారో, ఎలా వచ్చిందో గుర్తుపెట్టుకుని రెండో రోజు సరిచేసుకోండి. దించాక పది నిమిషాలు మూత తీయకండి.

తాలింపు

పోపు, తిరగమోత, తాలింపు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి పేరు మారుతుంది కానీ పని ఒకటే. మన వంటలో ఒకే ఒక్క పని బాగా నేర్చుకోండి అంటే నేను దీన్నే చూపిస్తాను. పప్పు ఎంత బాగా ఉడికినా తాలింపు మాడితే మొత్తం పోయినట్టే. నా మొదటి పప్పుకి అదే జరిగింది. నల్లబడ్డ ఆవాలు ఏరి తీసేయొచ్చులే అనుకున్నాను. ఆ చేదు అప్పటికే నూనెలోకి దిగింది, నూనె పప్పులోకి దిగింది.

మొదలుపెట్టే ముందు అన్నీ చిన్న పళ్ళెంలో వరసగా పెట్టుకోండి. నూనె కాగాక పోపుల పెట్టె మూత కోసం వెతుక్కునే టైమ్ ఉండదు. రెండు చెంచాల నూనె పోసి ఒక ఆవగింజ వేయండి. అడుగునే పడి ఉంటే ఇంకా కాగలేదు. వెంటనే పైకి వచ్చి చిట్లితే సరిగ్గా ఉంది. నూనె పొగ వస్తుంటే పొయ్యి మీద నుంచి దించి కాసేపు ఆగండి.

ముందు అర చెంచా శనగపప్పు, దాని వెనకే అర చెంచా మినప్పప్పు. మంట తగ్గించండి. గరిట వంచి చూస్తే పప్పుల చుట్టూ చిన్న బుడగలు కనిపిస్తాయి. తెల్లటి మినప్పప్పు మీద లేత పసుపు ఛాయ రాగానే అర చెంచా ఆవాలు వేయండి. ఆవగింజ లోపలి తేమ ఆవిరై పొట్టుని చీలుస్తుంది, ఆ చప్పుడే చిటపట. ఇప్పుడు చూడ్డం మానేసి వినండి. మొదట ఒకటీ రెండూ, తర్వాత వాన పడ్డట్టు, తర్వాత మళ్ళీ నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదించే క్షణంలో చితక్కొట్టిన వెల్లుల్లి వేయండి. దాని అంచులు ఎర్రబడుతుండగా జీలకర్ర, తుంచిన రెండు ఎండుమిర్చి. మిరపకాయ ఉబ్బి రంగు ముదరగానే పొయ్యి కట్టేయండి. పొయ్యి కట్టేశాకే చిటికెడు ఇంగువ, తడి లేకుండా తుడిచిన కరివేపాకు. గరిటలో ఉన్న వేడి వాటికి సరిపోతుంది, ఎక్కువే అవుతుంది కూడా. అందుకే ఆలస్యం చేయకుండా పప్పులో పోయండి. చుయ్‌మని మోగాలి. వెంటనే మూత పెట్టి రెండు నిమిషాలు వదిలేయండి.

ఈ వరసంతా ఎందుకంటే ఒక్కో దినుసు వేగడానికి ఒక్కో టైమ్ పడుతుంది. శనగపప్పు నిదానంగా వేగుతుంది, జీలకర్ర క్షణాల్లో మాడుతుంది. అన్నీ ఒకేసారి పోస్తే ఒకటి పచ్చిగా, ఒకటి నల్లగా వస్తాయి. చారుకి శనగపప్పు, మినప్పప్పు అక్కర్లేదు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు చాలు.

చేయి తిరగాలంటే రోజూ చేయాలి. రాత్రి మిగిలిన అన్నం మీద పొద్దున తాలింపు వేసి, ఉప్పు, పసుపు, నిమ్మకాయ పిండితే టిఫిన్ అయిపోతుంది. వారం రోజులు అలా చేస్తే ఆవాల చప్పుడు మీ చెవికి అలవాటవుతుంది.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఒక మాట. కరెంటు కాయిల్ పొయ్యి కట్టేసినా వేడి తగ్గదు, గరిటని పొయ్యి మీద నుంచి పక్కకి తీసేయాలి. ఎండుమిర్చి వేసే ముందే ఎగ్జాస్ట్ ఆన్ చేయండి, లేదంటే పొగ అలారం మోగుతుంది. కరివేపాకు దొరికినప్పుడు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పేపర్ టవల్‌లో చుట్టి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది.

అమ్మని ఎలా అడగాలి

పై కొలతలన్నీ నావి. మీ ఇంటి రుచి కావాలంటే మీ ఇంట్లోవాళ్ళనే అడగాలి. ఉత్తరాంధ్ర ఇంట్లో పెరిగినవాళ్ళకి పులుసులో బెల్లం లేకపోతే ఏదో వెలితి. సీమలో పెరిగినవాళ్ళకి పల్లీలు లేనిదే పచ్చడి పచ్చడిలా ఉండదు. ఆ తేడాలు ఏ వీడియోలోనూ దొరకవు.

అయితే ఫోన్ చేసి "ఎంత వేయాలమ్మా?" అంటే "సరిపడా వెయ్యి నాన్నా" అంటుంది. ఆవిడ దాచి చెప్పడం లేదు. ఆవిడ కొలత గ్లాసుతో కొలిచేది కాదు, కంటితో చూసేది. అందుకే "అయిందని నీకెలా తెలుస్తుంది?" అని అడగండి. మా అమ్మని ఆ ప్రశ్న అడిగిన రోజున అరగంట ఆపకుండా చెప్పింది.

ఆ చెప్పేటప్పుడు వచ్చే మాటలు పట్టుకోవాలి. "పచ్చివాసన పోయేదాకా" అంటే, గిన్నె మీద మొహం పెట్టి వాసన చూడండి. చింతపండు రసం మొదట్లో ముక్కుకి పుల్లగా, ఆకుపసరులా తగులుతుంది; పది నిమిషాలు మరిగాక ఆ కోత పోయి మెత్తబడుతుంది. "దోరగా" అంటే పూర్తిగా ఎర్రబడకముందే, రంగు తిరిగి నోట్లో వేసుకుంటే కరకరలాడే దశ. "నూనె పైకి తేలేదాకా" అంటే కూరలో నీళ్ళు ఇగిరి, అంచుల వెంట నూనె గీతలా విడిపడటం. ఈ మూడు మాటలు తెలిస్తే మన వంటలు చాలావరకు ఫోన్‌లో చెప్పించుకునైనా చేయొచ్చు.

ఊరెళ్ళినప్పుడు ఇంకో పని చేయండి. చిన్న కిచెన్ త్రాసు తీసుకెళ్ళండి. అమ్మ వంట మొదలుపెట్టే ముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె గిన్నె తూచి రాసుకోండి. వంటయ్యాక మళ్ళీ తూచండి. ఆ తేడానే ఆవిడ "సరిపడా". ఆవిడ చేతికి అడ్డం రాకుండా పక్కన నిలబడి చూడండి. అమ్మమ్మ, నానమ్మ ఉన్నవాళ్ళు ఈ పని వచ్చే సెలవులకే పెట్టుకోండి, వాయిదా వేయకండి. మా నానమ్మ పెట్టే చల్ల మిరపకాయల కొలత ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

తినడం, తర్వాత

వడ్డించుకునేటప్పుడు కూడా వరస పాటించండి. మొదటి ముద్ద పప్పుతో, వేడి అన్నం మీద నెయ్యి వేసుకుని, వేపుడు నంజుకుంటూ. తర్వాత చారన్నం. చివర పెరుగు. ఇలా తింటేనే ఉప్పు ఎక్కడ తగ్గిందో, పులుపు ఎక్కడ మించిందో విడివిడిగా తెలుస్తుంది. తిన్న వెంటనే ఒక చీటీ మీద రాసుకోండి: "పప్పు గట్టిగా ఉంది, నీళ్ళు అర గ్లాసు ఎక్కువ పోయాలి" అన్నంత చిన్న మాట చాలు. రేపు అదే భోజనం మళ్ళీ వండేటప్పుడు ఆ ఒక్క తప్పు సరిచేయండి. రెండో వారం టమాటా బదులు పాలకూర, మూడో వారం మామిడికాయ. మామిడికాయ వేసిన రోజు చింతపండు మానేయండి.

గిన్నెలు కడిగాక పడుకునే ముందు ఇంకొక్క పని. అర లీటరు పాలు కాచి, చిటికెన వేలు ముంచితే వెచ్చగా తగిలి చురుక్కుమననంత వరకు చల్లారనిచ్చి, చెంచాడు పెరుగు వేసి ఒకసారి కలిపి మూత పెట్టండి. ఎండాకాలం ఐదారు గంటల్లో తోడుకుంటుంది. చలికాలం గిన్నెకి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టండి. పొద్దున కదపకుండా మూత తీసి, గిన్నె కొంచెం వంచి చూడండి. జారకుండా గడ్డగా నిలిస్తే రేపటి భోజనంలో చివరి ముద్ద కూడా సిద్ధంగా ఉన్నట్టే.